తీసివేత తప్ప అన్నీ

మన దేశంలో ఎనిమిదేళ్ల పిల్లలకు దక్కుతున్న గౌరవం పెద్ద పెద్ద ఆచార్యులకు కూడా దక్కదు. ఏ విధానం వచ్చినా ముందు వాలేది మూడో తరగతి మీదే. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం బడిలో రెండో దశ మొదలయ్యేది ఇక్కడే. భాషలు, లెక్కల పక్కన పరిసరాల విజ్ఞానం, కళలు, వ్యాయామం వరుసగా కొలువుదీరేదీ ఇక్కడే. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఈ తరగతికి కొత్త పుస్తకాలు వేసి, ఇంగ్లిష్‌కు సంతూర్ అని, హిందీకి వీణ అని, కళలకు బాఁసురీ అని పేర్లు పెట్టింది. పక్కవాయిద్యాలన్నీ శ్రుతిలోనే ఉన్నాయి. పాడాల్సినవాడికే ఇంకా గుణింతం రాలేదు.

ఇది గిట్టనివాళ్ల మాట కాదు. అదే ఏడాది అసర్ సర్వేవాళ్లు దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల చేతికి రెండో తరగతి పాఠమిచ్చి చదవమన్నారు. చదవగలిగింది నూటికి 27 మంది. అప్పు తెచ్చుకుని చేయాల్సిన తీసివేత వచ్చినవారు 34 మందికి మించలేదు (మన ప్రభుత్వాలకు వెన్నతో పెట్టిన ఈ విద్య పిల్లలకెందుకు పట్టుబడటం లేదో!). ఆ డిసెంబరులో కేంద్రమే జరిపించిన పరఖ్ సర్వేలో 99 వరకు సంఖ్యలను వరుసలో పేర్చగలిగినవారు 55 శాతం. మిగతావారి సంగతేమిటి? పరిసరాల పాఠంలో చెరువు గురించి ఉన్న పేరా, లెక్కల్లో మామిడిపళ్లు అమ్మినవాడి దగ్గర ఎన్ని మిగిలాయన్న ప్రశ్న, ఇంగ్లిష్‌లో కుందేలు కథ, చదవలేని పిల్లవాడికి మూడూ ఒకటే. కాబట్టి టైంటేబుల్లో ఎన్ని గళ్లు గీసినా మూడో తరగతికి ఉన్న అసలు సబ్జెక్టు చదవడం, దానికి తోడుగా నాలుగు లెక్కలు. ఈ మాట ప్రభుత్వానికీ తెలుసు. 2021లో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలనీ, 9999 వరకు సంఖ్యలు రావాలనీ రాసిపెట్టింది. గడువు 2026-27.

అయితే ఇంత చిన్న పని మన పాలకుల హోదాకు తగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117 నంబరు జీవో మూడు నుంచి ఐదు తరగతులను ఊరి బడి నుంచి లేపి, కిలోమీటరు లోపున్న హైస్కూలుకు పంపి, సబ్జెక్టు టీచర్లకు అప్పగించమంది. వాక్యం పూర్తిగా చదవలేనివాడికి సబ్జెక్టుకొక నిపుణుడు! మరుసటి ఏడాది అమెరికా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం కుదిరింది, మూడో తరగతి నుంచే టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష అన్నారు. అది విదేశీ చదువుల కోసం రాసేది కాదు, పిల్లలకోసం చేసిన టోఫెల్ ప్రైమరీ అని సమర్థించవచ్చు. నిజమే. కానీ సొంత భాషలో పేరా దాటలేనివాడికి పరాయి భాషలో సర్టిఫికెట్ చూపించడం పిల్లవాడి కోసమా, ఓటరు కోసమా? ప్రభుత్వం మారాక టోఫెల్ పక్కకు పోయింది, 2025లో 117 కూడా రద్దయింది. తరగతి హైస్కూలుకు వెళ్లి తిరిగొచ్చింది. తీసివేత మాత్రం ఇంకా రావాల్సే ఉంది.

సర్కారు బడులు అంతేనండీ, ప్రైవేటులో చేర్చండి అంటారు కొందరు. అదే అసర్‌లో ప్రైవేటు బడుల మూడో తరగతిలోనూ ఆ పాఠం చదివినవారు మూడింట ఒక వంతుకు కాస్త పైమాటే. ఫీజు రసీదులో మాత్రం ఒలింపియాడ్, అబాకస్, కోడింగ్ ఉంటాయి. 2020 స్కూలు బ్యాగు విధానం ఈ తరగతికి హోంవర్కు వారానికి రెండు గంటలు మించకూడదంది. మన కార్పొరేట్ యాజమాన్యాలు ‘వారానికి’ని ‘పూటకు’ అని చదువుకున్నట్టున్నాయి.

చదవడం, లెక్కలే పట్టుకు కూర్చుంటే లోకజ్ఞానం ఎలా వస్తుందన్నది కాస్త బరువైన అభ్యంతరం. కానీ ఆ పాఠాలూ చదవగలిగితేనే కదా; పట్టుకు కూర్చుంటే చదవడం వస్తోంది కూడా. అసర్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో ఆ రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2022లో నూటికి 16 మంది, 2024లో 23. కరోనా తర్వాత కోలుకున్నారంతే అనడానికీ లేదు, 2018లో కూడా 21 దగ్గరే ఉండేవారు. ఈ మధ్యలో బడులు ఆ రెండు పనుల మీద కాస్త ధ్యాస పెట్టాయి. దీన్నిబట్టి ఒక విన్నపం: మూడో తరగతి గురించి ఇక ఏ సర్క్యులర్ వచ్చినా, సంతకం పెట్టే అధికారి ముందు దాన్ని నిమిషానికి 60 పదాల చొప్పున, అర్థం చేసుకుంటూ, బయటికి చదివి వినిపించాలి.