దూరవాణిలో కృష్ణమ్మ

మనోవ్యాధిగ్రస్తులను ఫోనులో పరామర్శించుట మిక్కిలి చౌకయని ఏలినవారి నమ్మకమని తోచుచున్నది. ఇంతటి పొదుపు మంత్రమును వైద్యశాఖ యొక్కటియే జపించుట న్యాయము గాదు. జలవనరుల శాఖకును ఉపదేశింపవలెను.

1855లో కృష్ణపై ఆనకట్ట, 1957లో ప్రకాశం బరాజు, కాలువలు, లాకులు, లస్కర్ల జీతములు: ఎంత దుర్వ్యయము! ఇకమీదట నాగాయలంక శివారు రైతు ఒక నంబరు నొక్కిన చాలును. బెజవాడలోని సలహాదారు గేట్ల నుండి దూకు నీటి సవ్వడిని శ్రావ్యముగా వినిపించును. రైతు వంగి, బీటలువారిన నారుమడి కా ఫోనును ఆనించును. "మీ పొలము దాహము మాకర్థమైనది, ధైర్యముగా నుండుడు" అని సలహాదారు ఓదార్చును. గట్లకు గండి పడదు, పంటబోదెలలో పూడిక తీయ పనిలేదు, వంతు నీటికై తలలు పగులవు. సిగ్నలు లేని గ్రామమును కరవు ప్రాంతముగా ప్రకటించిన సరి. పంట పండినదా యని అడుగు గడి నివేదికలో నుండదు. పిలుపులెన్ని వచ్చినవో వ్రాయు గడి మాత్రము విశాలముగా నుండును.

2022 అక్టోబరు 10న వెలసిన టెలి మానస్ అను ఫోను సలహాసేవపై, దాని 14416 నంబరుపై నాకు ద్వేషము లేదు. నడిరేయి ప్రాణము తీసికొనబోవువానికి ఆవలినుండి ఒక మానవకంఠము పలుకుట మేలే. ఒకమారు వైద్యుడు చూచిన రోగికి మరల మరల బస్సెక్కు శ్రమ తప్పుటయు మేలే. కాని ఆ మొదటి వైద్యుడెక్కడ? వివిధ మనోవ్యాధులకు నూటికి 70 నుండి 92 మందికి చికిత్సయే అందుట లేదని 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చెను. ఎవరివో గొంతులు వినబడుచున్నవని తలుపు గడియ వేసికొన్న కుఱ్ఱవాని చేతికి మరియొక గొంతు వినిపించు యంత్రము నిచ్చుట వైద్యమా? లిథియము మ్రింగువానికి నెత్తురు పరీక్ష ఫోనులో జరుగునా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 18వ సెక్షను చికిత్సను హక్కుగా నిచ్చినది, దయగా కాదు.

చౌక యెవరికి? కూలి మానుకొని, కొడుకు చేయి విడువక ఊరూర వైద్యుని వెదకు తల్లి ఖర్చు ఏ ఖాతాలోను ఎక్కదు. ఫోనులు పెట్టుడు, వలదనను. ముందు వైద్యులను నియమింపుడు, మందులుంచుడు. ఆ పని చేయక మీరు మిగిల్చిన ప్రతి రూపాయియు ఆమె కూలిలో కోసికొన్నదే.