పదును చూశాను, సందు చూడలేదు

కొత్త బ్లేడు వేస్తే ఇనుము దానంతటదే తెగుతుందని నమ్మాను. స్క్రాప్ వ్యాపారంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ అక్కణ్ణుంచే పుట్టాయి.

గాజువాక ఆటోనగర్ వైపు మా యార్డు. కూల్చిన షెడ్ల గర్డర్లు, లారీ ఛాసీలు వచ్చి పడుతుంటే గ్యాస్ కట్టింగ్‌తో పని తెమలక ఎక్స్‌కవేటర్‌కు ఇనుము కత్తిరించే షియర్ తగిలించాం. మా షియర్‌లో కింది దవడ కదలదు, పైది వచ్చి దాని పక్కనుంచే దిగుతుంది. రెండింటికీ బ్లేడ్లు బోల్టులతో బిగించి ఉంటాయి. ఒక్కో బ్లేడుకు నాలుగు అంచులు. ఒకటి అరిగితే తిప్పి రెండోది వాడుకోవాలి. నేను తిప్పనిచ్చేవాణ్ణి కాదు. మిషను ఆగితే ఆ పూట లోడు పోతుందని నా లెక్క.

ఆపరేటర్ నాకంటే పెద్దవాడు, బాబాయ్ అంటాను. "తెగట్లేదు బాబూ, మడత పడిపోతంది" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. నీకు చేతకాక అన్నాను. కూలీల ముందే అన్నాను.

ఆయన చెప్పినదే అసలు సంగతి. దర్జీ కత్తెరకు మధ్య మేకు వదులైతే ఎంత పదునున్నా గుడ్డ నలుగుతుందే గాని తెగదు. ఇక్కడా అంతే. రెండు బ్లేడ్ల మధ్య సందు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే ఉండాలి. అది పెరిగితే పలుచని రేకు తెగకుండా మడత పడి సందులోకి దూరుతుంది, దవడను పక్కకు నెడుతుంది. అప్పుడు భారమంతా బోల్టుల మీదా, పివట్ పిన్ను మీదా పడుతుంది. బ్లేడు వెనక షిమ్ములనే పల్చని రేకుముక్కలు పెట్టి ఆ సందును సరిచేస్తారు. పాత బ్లేడ్లు విప్పినప్పుడు రాలిన ఆ షిమ్ములను నేను చెత్తలో వేయించాను.

కొత్త సెట్టు కొనేటప్పుడూ అదే వరస. ఎంత గట్టిదైతే అంత ఎక్కువ కాలం మన్నుతుందనుకుని, అమ్మేవాడు గట్టిదన్నదల్లా తెచ్చాను. షియర్ బ్లేడుకు గట్టిదనం ఒక్కటే చాలదు, దెబ్బను తట్టుకునే గుణం కూడా ఉండాలి. లేకపోతే అంచు అరగదు, పెచ్చులూడుతుంది. మాది అలాగే ఊడింది. దానికి వెల్డింగు పెట్టమన్నాను! హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ఉక్కుకు అంత వేడి తగిలితే, వెల్డింగు పక్కన పెళుసెక్కి లోపల చీలుతుంది. దవడ ఒంటికి వెల్డింగుతో పూత వేస్తారు, బ్లేడుకు వేయరు. ఈ తేడా వెల్డర్‌కు తెలుసు, నన్ను అడిగాడు కూడా. చెప్పింది చెయ్యి అన్నాను.

లారీ కమాను పట్టలు కోస్తుంటే ఆ బ్లేడు విరిగింది. కమాను పట్ట కూడా గట్టిపరిచిన ఉక్కే. ఒక ముక్క ఎగిరి క్యాబిన్ గార్డుకు తగిలింది. ఆ గార్డు బాబాయ్ పోరి పెట్టించుకున్నది. పోయిన బ్లేడు డబ్బు నాకు గుర్తులేదు. ఆ గార్డు అక్కర్లేదని నేను వాదించిన మాట మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

చేతకాక అన్న మాటకు బాబాయ్‌ని ఆ కూలీల ముందే క్షమాపణ అడిగాను. ఇప్పుడు సందు కొలిచే ఫీలర్ గేజి ఆయన దగ్గరే ఉంటుంది. బ్లేడు మార్చినప్పుడు అది కూర్చునే చోటు తుడిచి, కొత్త బోల్టులు టార్క్ రెంచితో బిగించి, కాసేపు పని చేశాక మళ్లీ బిగుతు చూస్తాడు. మిషను ఎప్పుడు ఆపాలో ఆయనే చెబుతాడు. లోడు ఆలస్యమైతే కొనేవాళ్లకు జవాబు నేను చెప్పుకుంటాను.