ఎమ్మార్టీ సారు

పాల్వంచ నుంచి భద్రాచలం దాకా, అటు దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుల దాకా ఏ సబ్‌స్టేషన్‌కు పోయినా ఈయన ఏదో ఒక పేరుతో తగులుతాడు. మీటర్లు, రిలేలు పరీక్షించే విభాగంలో ఇంజినీరు. అందరి నోటా ఎమ్మార్టీ సారు. నమస్తే పెడితే తిరిగి నమస్తే రాదు. "సీటీ షార్ట్ చేశావా?" అన్నదే ఆయన పలకరింపు. అందులో న్యాయం లేకపోలేదు. లైన్లో కరెంటు పారుతుండగా సీటీ, అంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, సెకండరీ తెగితే అక్కడ వేల వోల్టులు పుట్టుకొస్తాయి. అయినా టీ తెచ్చిన పిల్లాణ్ని కూడా అదే అడిగితే ఎట్లా?

జేబులో ఖాళీ అమృతాంజనం డబ్బా ఉంటుంది. తలనొప్పి ఆయనకు రాదు, పక్కవాళ్లకే. డబ్బా నిండా జంపర్లు: గోటి చివరంత నల్లటి ప్లాస్టిక్ టోపీలు, లోపల చిన్న రేకు. రిలే కార్డు మీది పిన్నుల్లో ఏ రెండింటికి ఆ టోపీ పెట్టారన్నదాన్ని బట్టి రిలే 1 ఆంపియర్ సీటీకి పనిచేస్తుందో, 5 ఆంపియర్ల సీటీకి పనిచేస్తుందో తేలుతుంది. సీటీ 5ది అయి టోపీ 1 దగ్గరుంటే మామూలు లోడే ఐదింతలుగా కనబడి ఫీడరు ఊరికూరికే ట్రిప్పవుతుంది. తారుమారైతే ఇంకా ఘోరం. గాలివానకు తీగలు ఒరుసుకుని మంటలు లేస్తున్నా, రిలేకు అందులో ఐదో వంతే కనబడుతుంది.

కార్డు లాగే ముందు ఒంటిమీది స్టాటిక్ పోవాలని ఎర్త్ చేసిన ప్యానెల్‌ను తాకుతాడు. కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ. "ఫ్యాను ఆపండి!" అంటాడు. పట్టకారు పట్టి ఊపిరి బిగబడతాడు. సరిగ్గా అప్పుడే జంపర్ జారుతుంది. డబ్బాలో ఇంకా బోలెడున్నా సరే, పడ్డది దొరికేదాకా అక్కణ్నుంచి కదిలేది లేదు. రేకుముక్క రిలే లోపల ఉండిపోతే ఏ రెండు గీతల్ని కలిపేస్తుందో ఎవరికెరుక? ఆర్టిజన్ తమ్ముళ్లంతా సెల్‌ఫోన్ లైట్లేసుకుని నేలమీద పాకుతుంటారు. చివరికది సారు చొక్కా మడతలో దొరుకుతుంది. ఎవరూ నవ్వరు. ఆయన కోపం ఐడీఎంటీ రిలే లాంటిది మరి: తప్పు ఎంత పెద్దదైతే అంత తొందరగా ట్రిప్పవుతుంది.

ల్యాప్‌టాప్ పట్టుకొచ్చిన కుర్ర ఏఈ, "సార్, సెట్టింగ్‌లో 1 ఆంపియర్ అనే ఉంది" అంటాడు.

"అది నువ్వంటున్నావు. కార్డు ఏమంటోంది?"

శ్రీరామనవమినాడు భద్రాచలం ఊరంతా కల్యాణానికి మిథిలా స్టేడియంలో ఉంటే ఈయన కంట్రోల్ రూంలో ఉంటాడు. తలంబ్రాలు ఆపరేటరే తెచ్చివ్వాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పటి సంగతులు జనం గోడల మీది నీటిగుర్తులు చూపించి చెబుతారు. ఈయన మాత్రం ఏ ఫీడరుకు ఏ రిలే ఫ్లాగు పడిందో వరసగా అప్పజెబుతాడు.

ఈమధ్య కొత్త రకం రిలే వచ్చింది. కంపెనీ కుర్రాడు సంబరంగా చెప్పాడు: "ఇందులో జంపర్లే లేవు సార్, అన్నీ సెట్టింగుల్లోనే."

సారు స్క్రూడ్రైవర్ తీశాడు.

"లేవని ఎవరు చూశారు?"