కటింగ్ ప్లయర్ అటక మీద పెట్టండి

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద ఏ షెడ్డుకైనా వెళ్లి, ‘ఏసీ తీసేశాను, దాని తీగలన్నీ అట్లనే వేలాడుతున్నయి, ఏం చేద్దాం?’ అని అడగండి. ‘తెంపి టేపు సుట్టేద్దాం సార్, గంట పని’ అంటారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఉల్టా. గంట పనికి ఏడాది తీసుకోండి. చెడిపోయిన తీగను వదిలి బాగున్న తీగతో మొదలుపెట్టండి. వైరింగ్ సెట్టు మొత్తం పీకి వాకిట్లో పరచండి. ఎలక్ట్రీషియన్‌కు కూలి ఇచ్చి కూర్చోబెట్టండి, పని మాత్రం మీరే చేయండి. షెడ్లలో ఈ మాటలు వింటే తల అడ్డంగా ఊపుతారు. అయినా ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను, ప్రతిదీ చేసి చూశాకే రాస్తున్నా.

నా బండి ఏపీ 15 నంబరు అంబాసిడర్, 1489 సీసీ డీజిల్. ఒక అధికారి కింద తిరిగి తిరిగి చివరికి వేలంలో నా చేతికొచ్చింది. 2017 మే 1 నుంచి దేశమంతా ఎర్రబుగ్గలు తీసేశారు కదా, దీని బుగ్గా అప్పుడే పోయింది. బుగ్గ తీసినవాళ్లు బుగ్గ తీగ తియ్యలేదు. సైరన్ పోయింది, సైరన్ తీగ ఉంది. వైర్‌లెస్ సెట్టు పోయింది, బ్యాటరీ నుంచి దానికొచ్చే లావు తీగ సీటు కింద చుట్టలు చుట్టుకుని పడుకుంది. ఇంత చిన్న ఇంజన్‌కు ఏసీ భారం ఎందుకని కంప్రెసరు నేనే తీయించాను. దాంతో ఇంకో తీగల కట్ట మిగిలింది. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే పెళ్లి పందిరి విప్పినాక మిగిలిన తాళ్ల కుప్పలా ఉంది.

అలాంటి కుప్పను చూడగానే చెయ్యి ప్లయర్ మీదికి పోతుంది. అందుకే దాన్ని అటక మీద పెట్టి నిచ్చెన పక్కింటికి పంపమంటాను. మొదటి రోజు చేయాల్సింది ఒక్కటే. కరెంటున్న కొసలు ఏవో వెతికి, బ్యాటరీ ఎర్త్ ఊడదీసి, వాటిని మొదలు దగ్గరే, అంటే ఫ్యూజు దగ్గరో బ్యాటరీ దగ్గరో, విడదీసి స్లీవ్ తొడగండి. వేలాడే కొసకు టేపు చుట్టి ఊరుకుంటే టేపు ఊడిన రోజు షార్టయి బండి తగలబడుతుంది. ఇది మాత్రం ఏడాది ఆగదు, ఇవాళే చేయాలి.

మిగతాదంతా ఏడాది ఆగాలి. ఎందుకంటే ఏది అనవసరమో మనకు మే నెలలో తెలియదు. రామగుండంలో 45 డిగ్రీలు దాటి ఎండ మండుతున్నప్పుడు హీటర్ ప్లగ్గుల తీగ చూస్తే నవ్వొస్తుంది. తాళం తిప్పితే చాలు ఇంజన్ అందుకుంటుంది, దీనికి మళ్లీ వేడి దేనికి అనిపిస్తుంది. నేనూ దాన్ని తీసే జాబితాలో రాసుకున్నా. పుష్యమాసంలో ఆదిలాబాద్ దిక్కు పోయి, తెల్లారుజామున చేతులు కొంకర్లు పోతుంటే సెల్ఫ్ కొట్టి చూడండి. అప్పుడు ఆ నాలుగు ప్లగ్గులే దేవుళ్లు. వైపరు సంగతి ఆషాఢంలో తెలుస్తుంది, లోపలి బ్లోయరు అద్దం మీద ఆవిరి పట్టిన రాత్రి తెలుస్తుంది. ఒక నోటుబుక్కు బండిలో పెట్టుకుని, ఏ నెలలో ఏ స్విచ్చు మీద చెయ్యి పడిందో రాయండి. మూడు కాలాలూ తిరిగాక కూడా పేరు రాని తీగే అనవసరమైన తీగ.

ఈ లోపు ఊరికే కూర్చోనక్కర లేదు. బాగా పనిచేస్తున్న తీగ ఒకటి పట్టుకోండి. నేను హారన్‌తో మొదలుపెట్టాను. చక్కగా మోగుతున్న హారన్‌ను ఎందుకు కెలుకుతున్నావని ఇంట్లో అడిగారు. చెడిపోయినదాన్ని చూసి నేర్చుకుంటే చెడిపోవడమే నేర్చుకుంటాం. బాగున్నదాంట్లో కరెంటు ఎట్లా పోయి ఎట్లా వస్తుందో కళ్లారా చూడాలి. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. తీగల రంగులూ అక్కడి లూకాస్ పద్ధతిలోనే వచ్చాయి. గోధుమ రంగు ఎప్పుడూ కరెంటుండే తీగ. తాళం తిప్పితే కరెంటొచ్చేది తెలుపు, ఆ తెలుపు ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు చిన్న లైట్లది, నలుపు ఎర్త్. హారన్‌కు ఊదా తీగ. అది ఫ్యూజు నుంచి నేరుగా హారన్‌కు పోతుంది. స్టీరింగ్ మీది బటన్ కరెంటును పంపదు, ఎర్త్‌ను కలుపుతుంది. అంటే స్టీరింగ్ గొట్టంలోకి ఎక్కే తీగ తిరుగు దారి. దానికి టెస్ట్ లాంప్ పెడితే వెలుగుతుంది, ఆ వెలుగు హారన్ గుండా వచ్చింది. ఇది తెలియనివాడు ‘లైవ్ వైరు’ అని దాన్ని తెంపి కొసకు టేపు చుడతాడు, హారన్ మూగబోతుంది, ఆ తర్వాత కొత్త హారన్ కొనిపిస్తాడు. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టాయి. ఆ రెండు ఆదివారాల చదువు మిగతా పని మొత్తానికీ అక్కరకొచ్చింది.

ఏడాది నిండాక సెట్టు మొత్తం బయటికి తీయండి. బండిలో ఉండగానే రెండు తీగలు లాగేస్తే పోదా అంటారు. పోదు. తీగ ఎక్కడ పుట్టిందో, దారిలో ఎవరికి పంచిందో, పైన చుట్టిన టేపు విప్పితే తప్ప కనిపించదు. తీసేముందు ప్రతి కప్లరుకూ తెల్లగుడ్డ పీలిక కట్టి పెన్నుతో పేరు రాయండి, ఫోనులో ఫొటో తీయండి. మా వాకిట్లో సుద్దతో బండి ఆకారం గీసి, హెడ్‌లైట్ల చోట రెండు ఇటుకలు, బ్యాటరీ చోట బియ్యం డబ్బా, డ్యాష్‌బోర్డు చోట పీట పెట్టి, తీగల కట్టను దాని మీద పరిచాను. కాలనీ పిల్లలు తల లేని పాము అన్నారు. టేపు విప్పుతుంటే లోపల రంగులు కొత్త చీరంత తాజాగా ఉన్నాయి. బయట వెలిసిపోయి అన్నీ ఒకే బూడిద రంగు. ఒకచోట ఎలుక గూడు, లోపల పత్తి. ఏ మార్కెట్ యార్డు దగ్గర బండి ఆగినప్పుడు చేరిందో! దాని కింద ఆకుపచ్చ తీగకు అంగుళం మేర తొడుగు లేదు, రాగి మెరుస్తోంది. ఇంకొంచెం కిందికి వస్తే బుగ్గ కోసం ఎవరో గోధుమ తీగకు గాటు పెట్టి, వేలితో మెలితిప్పి, టంకం పెట్టకుండా టేపు వేశారు. ఫ్యూజు లేదు. అధికారి ముందు సీట్లో కూర్చుంటే ఆయన మోకాళ్లకు జానెడు దూరంలో ఉంది ఈ అతుకు. అట్లాంటివి మొత్తం పదకొండు దొరికాయి. గంటలో తెంపి టేపు చుట్టిపోతే ఈ పదకొండూ అక్కడే ఉండేవి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. డ్యాష్‌బోర్డులో ఎర్రటి చిన్న బల్బు, తాళం తిప్పితే వెలిగి ఇంజన్ అందుకోగానే ఆరిపోయేది, చార్జింగ్ లైటు. ‘గిది ఉత్త షోకు లైటు సార్, మీటరుంటె సాలు’ అన్నాడు షెడ్డులో పిల్లవాడు. మీటరు పెట్టించుకుని బల్బు, దాని తీగ రెండూ తీసేశా. ఆ వారమే కేస్లాపూర్ నాగోబా జాతరకు బయలుదేరాం. జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట దాటాం. జన్నారం దాటి అడవిలో పడేసరికి చీకటి. రోడ్డు మీది వెలుతురు పసుపు రంగుకు తిరిగింది, తర్వాత గోరోజనం రంగు, ఆ తర్వాత ముందున్న చెట్టు కూడా కనిపించలేదు. హారన్ నొక్కితే గొంతు పట్టినవాడిలా మూలిగింది. ఇంజన్ మాత్రం ఆగలేదు. పాత డీజిల్ ఇంజన్‌కు ఒకసారి అందుకున్నాక కరెంటుతో పని లేదు, ఆపడానికి కూడా తీగ లాగి ఆపాలి. ఉట్నూరు పోయే షేరింగ్ జీపు డ్రైవరు అన్న ఆగి, ‘నా ఎనుక లైటు సూసుకుంట రా సారూ’ అని ముందు నడిచాడు. ఆయన వెనక లైటు ఒకటే పనిచేస్తోంది. ఆ ఒక్క ఎర్రచుక్క పట్టుకుని ఉట్నూరు చేరాం.

తర్వాత తెలిసిందేమంటే, ఆల్టర్నేటర్ లోపలి తీగచుట్టకు మొదటి విడత కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. ఆ కాస్త కరెంటుతో లోపల అయస్కాంతం పుడుతుంది, అప్పుడే ఆల్టర్నేటర్ పని మొదలవుతుంది. బల్బు తీసేస్తే కొన్ని ఆల్టర్నేటర్లు పాత అయస్కాంతం కొద్దిగా మిగిలి ఉండి అందుకుంటాయి. నాది అందుకోలేదు. గోరంత బల్బు, దాని పని బ్యాటరీకి ప్రాణం పోయడం. కాబట్టి ఏ దీపాన్నీ షోకు దీపం అనుకోకండి. వస్తువు తీసేముందు అది ఇంకెవరికి కరెంటు పంచుతోందో కాగితం మీద గీసి చూడండి. గీయలేకపోతే తీయకండి.

ఎలక్ట్రీషియన్ సంగతి. రోజు కూలి ఇచ్చి ఇంటికి పిలవండి, పీట వేసి టీ ఇవ్వండి, పనిముట్లు మాత్రం ముట్టనివ్వకండి. మా ఎలక్ట్రీషియన్‌కు మొదటి రోజు ఇది అవమానంగా తోచింది. ‘మీరు చేస్తే నేనేం చేయాలె సార్?’ అన్నాడు. చూస్తూ తప్పు చెప్పమన్నాను. ఇరవై ఏళ్ల అనుభవం అతని చేతుల్లోనే ఉంది, మాటల్లోకి ఎప్పుడూ రాలేదు. చేతులు కట్టేస్తే అది మాటల్లోకి వచ్చింది. ఎర్త్ పాయింటు దగ్గర రంగు గీకకపోతే లైట్లు ఎందుకు మసకబారుతాయో, లగ్గు నొక్కేముందు రాగిని ఎంత మెలితిప్పాలో, రెండు తీగలు కలిసేచోట టంకం ఎందుకు పెట్టాలో పొద్దుగూకే వరకు చెప్పాడు. షెడ్డులో పది బళ్లు లైనులో ఉండగా ఈ మాటలు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

సెట్టు మళ్లీ కట్టేటప్పుడు టేపు చుట్టకండి. మన ఎండకు నల్లటేపు జిగురు కరిగి, మూడో వేసవికి తీగలన్నీ బంకలో ముంచినట్టు అవుతాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మా బాపు దోస్తు ఒకాయన ఉన్నాడు, కాక అంటాం. ‘మేం టేపు ఎరుగం బిడ్డా, దారంతో కుట్టేటోళ్లం’ అన్నాడు. సిరిసిల్ల నుంచి లావు నూలు దారం తెప్పించి, మైనం రాసి, తీగల కట్టను బెత్తెడుకో ముడి వేస్తూ కట్టడం నేర్పాడు. ప్రతి ముడీ దానికదే బిగుసుకుంటుంది, ఒకటి తెగినా పక్కది వదలదు. డ్యాష్‌బోర్డు కింద అంతా అట్లాగే కట్టాను. ఇంజన్ వైపు మాత్రం దారం వద్దు, వేడికీ నూనెకూ ఆగే ముడతల గొట్టం తొడగండి.

కొత్త తీగ వేయాల్సి వస్తే లెక్క కట్టి వేయండి. 55 వాట్ల బల్బును 12 వోల్టులతో భాగిస్తే నాలుగున్నర ఆంపియర్ల పైన. రెండు బల్బులకు తొమ్మిది దాటుతుంది. దానికి సన్న తీగ వేస్తే తీగే హీటరవుతుంది. పాత తీగ ఏ రంగో కొత్తదీ అదే రంగు. చుట్టలో ఎరుపే మిగిలిందని అన్నిటికీ ఎరుపు వేస్తే, రేపు ఆ బండి కింద పడుకునేవాడు దేన్ని నమ్మాలి?

పని అయ్యాక తలుపులన్నీ మూసి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్‌కూ ఎర్త్ తీగకూ నడుమ మల్టీమీటరు పెట్టండి. మీటరు అట్లా ఉండగా సెల్ఫ్ ముట్టకండి. బుగ్గ రిలే ఒకటి నా బండిలో రహస్యంగా 150 మిల్లీ ఆంపియర్లు తాగుతూ ఉండేది. చూడ్డానికి చిన్న అంకె. రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు, పది రోజులు బండి తీయకపోతే 75 అవర్ల బ్యాటరీ సగం ఖాళీ. బ్యాటరీ కంపెనీలను తిట్టుకుంటూ రెండు బ్యాటరీలు మార్చాను, దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

ఇదంతా పాత బళ్లకే. మన దేశంలో 2019 నుంచి కార్లలో ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. ఆ బళ్లలో తీగల పొడవు కిలోమీటర్ల లెక్కలో ఉంటుంది, ఒకే జత తీగల మీద పది పరికరాలు మాట్లాడుకుంటాయి. పసుపు కప్లరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, చెయ్యి తీసేయండి. బరువు తగ్గుతుందనీ, దీపం ఊరికే వెలుగుతోందనీ వాటిని పీకేసేవాళ్లు తమ పిల్లల ప్రాణంతో ఆడుతున్నారు. పాత బండిలోనైనా హారన్, వైపరు, బ్రేకు లైటు, ఇండికేటర్ల తీగలు తీసేయకండి. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొనసాగించాలంటే ఫిట్‌నెస్‌లో అవన్నీ చూస్తారు.

నేను తీసిన తీగలను కూరగాయల తక్కెడలో వేస్తే కిలో రెండు వందల గ్రాములు తూగింది. మైలేజీ పైసా పెరగలేదు, వేగమూ పెరగలేదు. ఆ తీగలను పారేయలేదు. పేర్లు రాసిన కవర్లలో, నోటుబుక్కుతో పాటు డిక్కీలో ఉన్నాయి. బండి ఎవరికైనా అమ్మితే తాళంచెవులతో పాటు అవీ ఇస్తాను. నిరుడు మాఘంలో ఉట్నూరు దారిలోనే రాత్రి ఒక హెడ్‌లైటు పోయింది. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, నాలుగో ముడి దగ్గర నీలం తీగ పట్టుకుని, ఊడిన కప్లరు నొక్కాను. టార్చి కూడా తీయలేదు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఇవాళే నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో ఈ నెల పేరు రాసి బండిలో పెట్టండి. ప్లయర్ సంగతి వచ్చే ఏడాది చూద్దాం.