చెవిలో ఖరీదైన పువ్వు

హైఫై భక్తులకు సందేహాలు ఎక్కువ, అనుమానాలు తక్కువ. యాంప్లిఫయర్ కింద టేకు చెక్క వెయ్యాలా, గ్రానైటా? పవర్ కేబుల్ నేలకు తగిలితే మంద్రస్వరం మసకబారుతుందా? కొత్త వైరు 200 గంటలు మోగితేగానీ గొంతు విప్పదట, నిజమేనా? నిజమే. ఆ గంటలు పూర్తయ్యేసరికి వాపసు గడువు తీరిపోతుంది. ఆపైన బాగా వినిపించక చస్తుందా!

కరెంటు సంగతి మరీ సున్నితం. కాకులు వాలే అల్యూమినియం తీగల మీద మైళ్ళకొద్దీ వచ్చిన కరెంటును గోడ ప్లగ్గు దగ్గర ఆపి, చివరి మీటరులో వెండి తీగతో మడి కట్టిస్తారు. ఈ విషయంలో జపాన్ వాళ్ళను మెచ్చుకోవాలి. పొరుగిళ్ళ ఫ్రిజ్జుల ఎంగిలి సోకని కరెంటు కోసం అక్కడ కొందరు సొంత స్తంభమే పాతించుకున్నారు. పిచ్చిలోనూ ఒక పద్ధతి ఉండాలి కదా.

సీడీ చాలదా, 192 కిలోహెర్ట్జ్ ఫైలు కావాలా అని ఇంకో ప్రశ్న. కుర్రచెవి అందుకునే 20 వేల హెర్ట్జ్‌ను సీడీ 1982 నుంచీ వినిపిస్తూనే ఉంది. ఈ ఫైలు 96 వేల దాకా మోస్తుంది. కొనే పెద్దమనిషికేమో యాభై దాటాయి, 15 వేల పైన ఆయనకు దాదాపు నిశ్శబ్దమే. ఇంట్లో గబ్బిలాలుంటే తప్పక కొనండి.

ఇక డిజిటల్ అన్న మాటకే చెవులు మూసుకునే వర్గం ఒకటుంది. వీళ్ళ ఆరాధ్య కంపెనీ అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ. అసలు మాస్టర్ టేపు పేరు చెప్పి వినైల్ రికార్డులు అమ్మేది. భక్తులు అడిగినంతా ఇచ్చి కొని, ఈ వెచ్చదనం డిజిటల్‌కు ఎక్కడిదని పరవశించేవారు. 2022 జులైలో రికార్డుల కొట్టు యజమాని ఒకాయన అడిగితే కంపెనీ ఇంజినీర్లు తాపీగా ఒప్పుకున్నారు: 2011 నుంచీ చాలా రికార్డులకు టేపును ముందు డిజిటల్‌లోకి మార్చుకుంటున్నామని! ఆ క్షణాన వెచ్చదనం చల్లారింది. కోర్టుకెక్కారు, 2.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అబద్ధానికి డబ్బు కక్కించడం న్యాయమే. కాకపోతే ఆ అబద్ధం చెవికి దొరకలేదు, నోటిమాటకు దొరికింది.

కాబట్టి కేబుల్ కొనబోయే అయ్యలారా, ముందు ఒక పని చెయ్యండి. మీకు కనబడకుండా పాత వైరూ కొత్త వైరూ ఇంట్లోవాళ్ళ చేత మార్పిస్తూ వినండి. పదింట తొమ్మిదిసార్లు గుర్తుపడితే నిక్షేపంగా కొనుక్కోండి. 2007లో బూటకాల గుట్టు విప్పే అమెరికా ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ 7,250 డాలర్ల స్పీకర్ కేబుల్‌ను ఇలాగే పోల్చుకున్నవారికి పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆ పరీక్ష జరగనూ లేదు, ఆ డబ్బు ఎవరికీ దక్కనూ లేదు.