ఒలీవియా వ్యాజ్యము

మాదాపురపు అద్దాల మేడలలో కొలువు చేయు జనులలో క్రికెట్టు పిచ్చివారు కలరు, షేర్ల పిచ్చివారు కలరు, కోకాపేటలో గజము ధర తప్ప వేరొండు ధ్యానము లేనివారును కలరు. కాని వీరందరిని మించి ఎదుటివాని భోజనకాలమును హరింపగల సమర్థుడు నాటకాభిమాని. ఆ తెగకు శిఖామణి మా గురువుగారు. పేరు చెప్పినచో రేపటినుండి ఆఫీసులో నాకు నిలువ నీడ యుండదు గనుక చెప్పను.

ఆయన వ్యసనమంతయు షేక్స్పియరు ‘ట్వెల్ఫ్త్ నైట్’ మీదనే. నాటికాలపు రివాజు ననుసరించి పాత్రలన్నియు మగవారే ధరించిన ఆ ప్రదర్శనము లండను గ్లోబులో రక్తికట్టి, 2013 చివర న్యూయార్కు బెలాస్కో రంగస్థలము నెక్కినది. ఒలీవియాగా మార్క్ రైలెన్సు, మాల్వోలియోగా స్టీఫెన్ ఫ్రై, వయోలాగా సామ్యూల్ బార్నెట్. టోనీ పురస్కారములకు ముగ్గురి పేర్లును పరిశీలనకు వచ్చినవి. అయితే బార్నెట్టును ప్రధాన నటుల వరుసలోను, తక్కిన ఇరువురిని సహాయ నటుల వరుసలోను కూర్చుండబెట్టిరి. ఈ కూర్చుండబెట్టుటయే సమస్త కలహములకు బీజము. 2014 జూన్ 2న తెలంగాణ అవతరించి ఊరూవాడా సంబరములలో మునిగియున్న వారమున, మా గురువుగారు మాత్రము ఎనిమిదవ తేదీ న్యూయార్కులో ఏమగునో యని గోళ్లు కొరుకుకొనుచుండెను. రైలెన్సే గెలిచెను. తీర్పు వచ్చినది గాని వ్యాజ్యము తెగలేదు. టెస్టింగు విభాగములో ఫ్రై భక్తుడొకడు చేరియుండెను.

మధ్యాహ్నము ఒంటిగంటకు ఫుడ్ కోర్టులో వారి వాదము వినవలెను.

“గురువుగారూ, పచ్చమేజోళ్లు తొడిగి ఫ్రై నిలబడితే చాలు, హాలంతా నవ్వింది. మీ రైలెన్సు నవ్వించడానికి ఎంత అవస్థ పడ్డాడు!”

“నాయనా, అవస్థ అంటావేమిటి? ఆ నడక చూశావా?”

అని గురువుగారు చప్పున లేచి, చేతిలోని పళ్లెముతోనే ఒలీవియా నడకను అభినయింప నారంభించును. ఆ ఒలీవియా పాదములు కదలినట్లు కానరాక, పావడా క్రింద చక్రములున్నవో యనునట్లు జారిపోవునని చూచినవారి మాట. మా గురువుగారి పాదములు మాత్రము స్పష్టముగా కదలును. గిన్నెలోని సాంబారు ఒకమారు కుడివైపునకు, ఒకమారు ఎడమవైపునకు ఒరగి, కాకరకాయ వేపుడులోనికి సన్నని ధారగా దిగును. క్యూలో నున్న కొత్త పిల్లలు భయభక్తులతో దారి యిత్తురు.

వాదము ముదిరినకొలది స్థానం నరసింహారావుగారు ప్రవేశించి తీరును. “మన స్థానంవారి సత్యభామ ముందు ఈ ఒలీవియా ఎంత?” యని, అంతవరకు తాను మోసిన రైలెన్సును తానే క్రింద పడవేయును. స్థానంవారికి 1956లో పద్మశ్రీ వచ్చినది. 1971లో వారు పరమపదించిరి. మా గురువుగారు ఆ తరువాత జన్మించిరి. అయినను ‘శ్రీకృష్ణ తులాభారము’లో సత్యభామ వాల్జడ ఎట్లు విసరెనో మొదటి వరుసలో కూర్చుండి చూచినవానివలె వర్ణించును. “ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి ఇవ్వాలా, ఉత్తమ నటిదా?” యని టెస్టింగు కుర్రవాడు గిల్లును. ఆ ప్రశ్నకు సమాధానము దొరకునంతలో రెండు గంటల మీటింగు వచ్చిపడును.

ఈయనను ద్వేషింప వీలులేకుండుటయే నా దురదృష్టము. కొత్త వెర్షను విడుదల చేయవలసిన రాత్రి రెండు గంటలవేళ, సర్వరు మొండికేసి పిల్లలందరు కునుకు తీయుచుండగా, ఈయన ఏదో లాగ్ ఫైలును ప్రేమలేఖగా పట్టుకొని మాల్వోలియో వలె మురియుచు చదివెను. అందరు లేచి కూర్చుండిరి, పని సాగినది. అభినయించినది ఫ్రై పాత్రనని మరునాడు జ్ఞాపకము చేయగా, అది రైలెన్సు వేసినచో ఎట్లుండునో చూపితినని బొంకెను.

క్షమింపరాని దొక్కటి కలదు. లండనుకు విమానపు టిక్కెట్ల ధరలు ప్రతి వేసవియు విచారించు ఈ మహానుభావుడు, మా హైటెక్ సిటీ స్టేషనులో లోకల్ రైలెక్కిన మూడవ స్టేషనైన లింగంపల్లి దాపున, శేరిలింగంపల్లిలో 1885నాటి వంశవృక్షము గల సురభి నాటకాలవారు కాలనీ కట్టుకొని యున్నను, వారి ‘మాయాబజార్’ నొక్కసారియు చూచి యెరుగడు. స్త్రీపాత్రలను మగవారే ధరించు కాలముననే స్త్రీలను రంగమెక్కించిన కుటుంబమది. ఆయన వాదమునకు అంతకంటె పనికివచ్చు సాక్షులెవరు? అడిగితిమా, “ఆ ట్రాఫిక్కులో ఎవడు పోతాడయ్యా!” యనును. రైలునకు ట్రాఫిక్కేమిటో నాకు నేటికిని బోధపడలేదు.

సురభివారి ఆట ఎప్పుడు పడునో తెలిసినవారు దయచేసి మాకు కబురు చేయుడు. ఆయనకు టిక్కెట్టు నేను కొనెదను, పక్క సీటు మాత్రము టెస్టింగు కుర్రవానికి.