నాకు కనబడదురా, నువ్వే చదువు

మా రోజుల్లో రీడింగ్ యాప్ లేదు, రీడింగ్ లెవెల్ లేదు. బామ్మ ఉండేది.

సికింద్రాబాదులో మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు. చందమామ రావడం ఆలస్యం, బియ్యం చాట ముందేసుకుని ‘ఏదీ, బేతాళుడేమన్నాడో చదువు’ అనేది. నేనో వాక్యం మింగేస్తే పట్టేసేది: ‘ఇందాక అడవిలో ఉన్నాడు కదరా, కోటలోకి ఎప్పుడొచ్చాడు?’ మళ్లీ వెనక్కెళ్లి, వేలు పెట్టి, ఒత్తులతో సహా చదవాల్సిందే. విజయవాడ నుంచి కార్డొచ్చినా, మందు సీసా మీద చీటీ అయినా నేనే దిక్కు. ఇంట్లో నా చదువుతో పనుండేది.

ఇప్పుడు మా మనవడు మూడో తరగతి. ఫీజు వింటే నాకు కళ్లు తిరుగుతాయి. ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్తాడు. మధ్యలో ఆపి ‘కుందేలు ఎందుకు పారిపోయిందిరా?’ అంటే ‘అది క్వశ్చన్స్‌లో లేదు తాతా’ అంటాడు. తెలుగు తప్పనిసరని 2018లో చట్టం కూడా తెచ్చారు. మావాడు మాత్రం ‘రాత్రి’ని ‘రాతి’ అని దాటేస్తాడు.

పల్లెల్లో ఇంకా ఘోరం. తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతమేనని అసర్ సర్వే తేల్చింది. మధ్యలో కరోనా బళ్లు మూయించిందిలెండి. 2022లోనే సర్కారు బళ్లలో చదవడం, లెక్కలు నేర్పే ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలెట్టారు, సంతోషం. మరి ఇంటికొచ్చాక వినేదెవరు?

మా రోజులన్నీ బంగారమేం కాదు. బెత్తానికి జడిసి బడి మానేసి, మోండా మార్కెట్‌లో బుట్టలు మోసిన నేస్తాలు నాకూ ఉన్నారు.

మనవడి చేత కథలు చదివించరా అంటే, చందమామ 2013లో ఆగిపోయింది కదా, పుస్తకాలెక్కడివి నాన్నా అని మా అబ్బాయి సాకు. తార్నాక ఎంత దూరమని! అక్కడి ‘మంచి పుస్తకం’ వాళ్లు ఏళ్ల తరబడి పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. పాత సోవియట్ కథలు మళ్లీ అచ్చేశారు, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి కొత్త బొమ్మల పుస్తకాలూ తెచ్చారు. నాలుగు పట్టుకొచ్చాను. నేను చదివి వినిపించను. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని ‘నాకు కనబడదురా, నువ్వే చదువు’ అంటాను. ఒత్తు మింగితే ‘రాయా, చీకటా?’ అని అడుగుతాను. విసుక్కుంటాడు గానీ వెనక్కెళ్లి చదువుతాడు.

మొన్న కథ మంచి పాకాన పడింది. కోడలొచ్చి పుస్తకం మూసేసింది.

‘యూనిట్ టెస్టులున్నాయి మావయ్యా. అవయ్యాక చదువుకుంటాడులెండి.’